ఉద్యోగం వచ్చినంక మనకు కోచ్ ఎవరు?

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, ఈ యేడు సావనీరుల పూర్వ విద్యార్థుల విజయగాథలు వేస్తున్నం. మీది గూడ ఒకటి కావాలె" అన్నప్పుడు నాకు సంతోషం కంటే సంకోచమే ఎక్కువ కలిగింది. మాది జనగామ దగ్గర ఒక చిన్న పల్లె. ఈ కళాశాలలో రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదు శివార్లలో ఒక మందుల కంపెనీలో చేరి, రెండు దశాబ్దాలలో నాలుగు మెట్లు ఎక్కినవాణ్ణి. దీన్ని విజయమనాలో, వయసు మీద పడటమనాలో నాకే తెలియదు. అందుకని, "విజయగాథ నా దగ్గర లేదు తమ్మీ, ఒక తప్పు ఉన్నది. అది వ్రాస్తే వేసుకుంటరా?" అని అడిగాను. "ఏదైనా సరే అన్నా, పదో తారీఖు లోపల పంపితే చాలు" అన్నాడు. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. గురువులు, పెద్దలు చదివే సంచిక కనుక పొరపాట్లుంటే మన్నించాలని ముందే మనవి.

"కోచ్" అనే మాట మన ప్రాంతం వాళ్ళకు కొత్తది కాదు. కాజీపేట పేరు చెప్పగానే కోచ్ ఫ్యాక్టరీ గుర్తుకు రాని వాడుంటాడా? 1980లలో మనకు రావలసింది కపుర్తలాకు పోయిందని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. రైలు పెట్టెకూ, ఆటగాడికి తర్ఫీదు ఇచ్చే మనిషికీ ఒకటే పేరు ఎట్లా వచ్చిందో చూస్తే తమాషాగా ఉంటుంది. హంగేరీ దేశంలో కోచ్ అనే ఒక పల్లె ఉంది. ఆ ఊరి గుర్రపు బండ్లు యూరప్ అంతటా పేరు తెచ్చుకోవడంతో బండికే ఆ ఊరి పేరు స్థిరపడింది. తరువాత 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటరును వేళాకోళంగా కోచ్ అన్నారు. బండి మనిషిని ఊరు చేర్చినట్లు ఆయన పరీక్ష దాటిస్తాడు గదా! ఆటల మైదానంలోకి ఆ మాట ఆ తరువాతనే వచ్చింది.

మన దగ్గర ఇప్పటికీ కోచింగ్ అంటే పరీక్షే. జనగామలో రైలెక్కినా, మానుకోటలో ఎక్కినా, భూపాలపల్లిలో బస్సెక్కినా, సంచి నిండా పుస్తకాలతో హనుమకొండకో, హైదరాబాదు అశోక్‌నగర్‌కో పోయే పిల్లలు కనబడుతూనే ఉంటారు. మిరప పంట మీద తెచ్చిన అప్పులో కొంత ఎరువులకు, కొంత పిల్లవాని కోచింగ్ ఫీజుకు పంచే తండ్రులు ఎంతమందో! 2022 అక్టోబర్ 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. ఆ రోజుల్లో రూము కిరాయిలు కట్టుకుంటూ ఎదురుచూసిన పిల్లల గోస మీకు నేను చెప్పవలసింది కాదు, మీలో కొందరు పడ్డదే.

ఐతే నేను చెప్పదలచింది ఆ తరువాతి సంగతి. ఎట్లాగో కష్టపడి ఆర్డరు చేతికి వచ్చిందనుకుందాం. ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా ముప్ఫయి, ముప్ఫయ్యైదేండ్లు. ఉద్యోగపు గేటు దాకా మనను తోయడానికి వేయి మంది ఉన్నారు. గేటు లోపలికి పోయినంక ఎవరున్నారు? పై మెట్టు ఎట్లా ఎక్కాలి, ఎక్కినంక ఎట్లా నిలబడాలి, ఒక పని వదిలి ఇంకొక పనికి ఎప్పుడు పోవాలి, పోకూడదు అన్నది ఎప్పుడు? ఈ ప్రశ్నలకు ఏ గైడులోనూ జవాబు లేదు. 2016 అక్టోబర్ 11న దసరా నాడు మన రాష్ట్రంలో పది జిల్లాలు ముప్ఫయి ఒకటి అయినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలైనాయి. ఎందరో ఉద్యోగులు ఒక్క రాత్రిలో కొత్త కుర్చీలలోకి మారారు. కుర్చీ మారింది సరే, అందులో కూర్చునే విధం ఎవరు నేర్పారు?

ఇక నా తప్పు చెప్పుకోవాలి.

కంపెనీలో నేను చేరింది నాణ్యతా పరీక్షల విభాగంలో. మందు బిళ్ళలో ఉండవలసిన పదార్థం ఉండవలసినంత ఉన్నదో లేదో తూచి, కరిగించి, యంత్రం మీద పరీక్షించి కాగితం మీద పెట్టడం మా పని. నేను ఆ పనిలో నిజంగానే గట్టివాణ్ణి. నా రిపోర్టు వెనక్కి వచ్చిందన్న మాట ఎనిమిదేండ్లలో లేదు. అందుకనే ఎనిమిదో యేట నన్ను ఆ సెక్షనుకు పెద్దను చేశారు. నా కింద పద్నాలుగు మంది. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా నాయన ఊళ్ళో చాయ్ పోయించాడు.

నేను చేసిన పనేమిటయ్యా అంటే, పద్నాలుగు మంది పనినీ నేనే చేయబోవడం. ఎవరు ఏ కాగితం తెచ్చినా మళ్ళీ మొదటినుంచి లెక్క కట్టేవాణ్ణి. తప్పు దొరికితే అందరి ముందర అరిచేవాణ్ణి. దొరకకపోతే ఏమీ అనేవాణ్ణి కాదు. రాత్రి పదింటి దాకా ఆఫీసులోనే. నా అంత కష్టపడేవాడు లేడని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

ఆ పద్నాలుగు మందిలో ఒక అబ్బాయిది మహబూబాబాద్ పక్కన తండా. ఈ కళాశాల వాడే, నాకు పదేండ్ల తరువాత బ్యాచి. మెత్తని మనిషి, చేతి పని శుభ్రం. ఒకనాడు అతను ఇచ్చిన రిపోర్టులో తూకం అంకెలు రెండు అటుదిటు పడ్డాయి. కాగితాన్ని బల్ల మీద కొట్టి, "ఎమ్మెస్సీ ఎట్లా పాసైనవయ్యా?" అన్నాను. అతను ఏదో చెప్పబోయాడు. నేను విననే లేదు. ఆ తరువాత మూడు నెలల పాటు అతనికి ముఖ్యమైన నమూనా ఒక్కటీ ఇవ్వలేదు. నాలుగో నెల రాజీనామా కాగితం నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. "తప్పు చేసిన్నని పోతలేను సార్. మీరు నన్ను ఒక్క మాట గూడ అడగలేదు" అన్నాడు. అంతే.

నాకు కోపం వచ్చింది. బాధ ఆ తరువాత వచ్చింది.

1969లో లారెన్స్ పీటర్, రేమండ్ హల్ అనే ఇద్దరు కలిసి వ్రాసిన "పీటర్ ప్రిన్సిపుల్" అనే పుస్తకం ఒకటుంది. దాని సారాంశం ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ఒక పని బాగా చేసినవాణ్ణి పై పనికి పంపుతారు, అదీ బాగా చేస్తే ఇంకా పైకి పంపుతారు, చివరకు చేతకాని పని దగ్గరకు చేరుకొని అక్కడనే నిలిచిపోతాడు. నవ్వించడానికి వ్రాసిన పుస్తకమే గాని, చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. తూచడం వేరు, తూచేవాళ్ళను నడిపించడం వేరు. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది దానంతట అదే రాదు. ఈ చిన్న సంగతి నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ యేడు మా సెక్షను నుంచి నలుగురు పోయారు. పైవాళ్ళు నన్ను తీసివేయలేదు, ఒక పెద్దమనిషి దగ్గరికి పంపారు. దాన్ని ఎగ్జిక్యూటివ్ కోచింగ్ అంటారని అప్పుడే తెలిసింది. రెండు వారాలకొకసారి గంటన్నర చొప్పున ఆరు కూర్చోళ్ళు. ఆయన ఒక ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. ఏవో సూత్రాలు చెబుతారని కొత్త నోట్‌బుక్కు కొనుక్కొని పోయాను. ఆయన ఏమీ చెప్పలేదు, అడిగారు. "మీ దగ్గర పని చేసేవాళ్ళలో ఎవరికి ఏ పని ఇష్టమో చెప్తారా?" నాకు తెలియదు. "ఆ అబ్బాయి అంకెలు ఎట్లా తారుమారైనాయి?" తెలియదు. "అడిగారా?" లేదు. ఆయన ఇంకేమీ అనక కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు. ఆ రెండు నిమిషాలు నాకు రెండు గంటలైనాయి. నోట్‌బుక్కులో ఆ రోజు నేను వ్రాసుకున్నది ఒక్కటే మాట: "అడగలేదు."

ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో తరువాత చదివి తెలుసుకున్నాను. 1974లో తిమోతీ గాల్వే అనే అమెరికా టెన్నిస్ గురువు ఒక పుస్తకం వ్రాశాడు. రాకెట్ ఎట్లా పట్టాలో అదేపనిగా చెబుతుంటే ఆటగాడు బిగుసుకు పోతున్నాడనీ, బంతిని ఎట్లా చూస్తున్నావని అడిగితే తనంతట తానే సర్దుకుంటున్నాడనీ ఆయన గమనించాడు. ఆ దారినే జాన్ విట్‌మోర్ అనే ఇంగ్లండు దేశస్థుడు 1992లో వ్రాసిన పుస్తకం ద్వారా నాలుగు మెట్ల పద్ధతి ఆఫీసులలోకి వచ్చింది. దాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇంతే: నీకు ఏం కావాలె? ఇప్పుడు ఎక్కడ ఉన్నవు? పోవడానికి దార్లెన్ని ఉన్నయి? రేపు పొద్దున ఏం చేస్తవు? 1995లో ఈ వృత్తివారికి ఒక అంతర్జాతీయ సంఘం కూడా ఏర్పడింది. బేగంపేటలో బడి చదువు చదివిన మన సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన తరువాత, ఫుట్‌బాల్ జట్టుతో పనిచేసే ఒక మనస్తత్వ శాస్త్రవేత్తను పిలిపించి తన తోటి పెద్ద అధికారులతో కూర్చోబెట్టానని 2017లో వచ్చిన తన పుస్తకంలో వ్రాసుకున్నారు.

కంపెనీల మాట అట్లుంచి వైద్యులను చూడండి. అతుల్ గవాండే పేరున్న శస్త్ర వైద్యుడు. నడి వయసుకు వచ్చాక తన నైపుణ్యం ఇక పెరగడం లేదని ఆయనకు అనుమానం వచ్చింది. తనకు చదువు చెప్పి రిటైరైన ఒక వైద్యుణ్ణి పిలిచి ఆపరేషన్ గదిలో నిలబెట్టుకొని, తన పని చూసి చెప్పమని కోరాడు. తన మోచేయి పైకి లేస్తున్న సంగతి, దీపం వెలుగు పక్కకు పోయిన సంగతి ఆయన చెప్పేదాకా తనకు తెలియలేదని 2011లో న్యూయార్కర్ పత్రికలో వ్రాశాడు. మహబూబాబాద్‌లో 2022లోనూ, జనగామ, భూపాలపల్లిలలో 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా కోరిక. చదువు ముగిసిన తరువాత గురువు అవసరం తీరదు, ఆ అవసరం ఉన్నదని ఒప్పుకోవడమే కష్టమవుతుంది.

ఇదంతా దొరల దేశపు సరుకనుకునేరు. అట్లా అనుకొని నేనూ కొంతకాలం గర్వపడ్డాను. నా గర్వం దిగింది భూపాలపల్లిలో.

మా అక్కను ఇచ్చింది భూపాలపల్లికి. బావ సింగరేణిలో ఓవర్‌మన్. చేరినప్పుడు బదిలీ వర్కరు. సింగరేణి మెట్ల సంగతి తెలియని వారి కోసం చెబుతాను. గనిలో పై మెట్టు ఊరికే రాదు. గ్యాస్ పరీక్ష సర్టిఫికెట్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. ఆ మీద మైనింగ్ సర్దార్, ఆ మీద ఓవర్‌మన్, చదువుండి ఓపిక ఉంటే సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్. ఈ పరీక్షలు ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పెడుతుంది. బావ ఒక్కొక్కటే షిఫ్టు దిగి వచ్చి చదివి పాసైనాడు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి ఇటువంటి బావలు ఎందరు ఆ మెట్లు ఎక్కారో లెక్క లేదు.

ఒక పండుగకు పోయినప్పుడు, నేను నేర్చుకున్న కోచింగ్ గురించి బావకు గొప్పగా చెప్పుకొచ్చాను. ఆయన అంతా విని, "గిది కొత్తదా బామ్మర్దీ?" అన్నాడు. భూగర్భ గనిలో పైకప్పు ఎట్లా ఉన్నదో కర్రతో కొట్టి చూస్తారు. గట్టి కప్పు ఒక తీరుగా మోగుతుంది, వదులైంది డొల్లగా మోగుతుంది. కొత్త పిల్లవాడు సర్దార్ పనికి వచ్చినప్పుడు బావ తాను కొట్టి ఇది మంచిది, ఇది చెడ్డది అని చెప్పడట. కర్ర వాడి చేతికే ఇచ్చి కొట్టిస్తాడు. "ఏం ఇనబడ్డదిరా?" అని అడుగుతాడు. తప్పు చెప్పితే కోప్పడడు, "ఇంకోపారి కొట్టు" అంటాడు. "మీరే చెప్పేస్తే పని తొందరగ అయితది గద బావా?" అన్నాను. "నేను చెప్తే వాడు నా చెవులతోటి ఇంటడు. రేపు నేను డ్యూటీల లేకుంటే? కప్పు కింద ఉండేది వాడు, వాడి చెవులు వాడికి కావాలె" అన్నాడు. ఆరు కూర్చోళ్ళలో నేను నేర్చుకున్నది బావ ఒక్క మాటలో చెప్పాడు. ఆయనకు ఏ సంఘం సర్టిఫికెట్టూ లేదు.

మన తెలుగు నేల మీద ఈ పని పుస్తకాలకెక్కిన సందర్భమూ ఉన్నది. ఉద్యోగంలో ఉన్న పెద్ద అధికారులను మళ్ళీ విద్యార్థులను చేసే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ హైదరాబాదు బెల్లావిస్టాలో వెలసింది 1956లోనే. ఇక 1964లో కాకినాడలో జరిగిన ప్రయోగం సైకాలజీ విద్యార్థులకు తెలిసిందే. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లీలండ్ కాకినాడ వ్యాపారులను యాభై మందికి పైగా ఎంచుకొని, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో పది రోజుల తర్ఫీదు ఇప్పించాడు. అక్కడ ఉపన్యాసాల కంటే ఆటలే ఎక్కువ. బొమ్మ చూపించి కథ వ్రాయమనేవారు. మేకు మీద రింగులు వేయమని, ఎంత దూరం నుంచి వేస్తావో నీవే నిర్ణయించుకోమనేవారు. మరీ దగ్గర నుంచి వేస్తే గొప్పేమీ లేదు, మరీ దూరం నుంచి వేస్తే అదృష్టమే దిక్కు. అందీ అందని దూరం ఎన్నుకోవడం నేర్చుకున్నవాడే పెరుగుతాడన్నది అందులోని నీతి. శిక్షణ పొందినవారు పొందని వారికంటే ఎక్కువ చొరవ చూపారని 1969లో వచ్చిన పుస్తకంలో వ్రాశారు.

ఆ పుస్తకంలోనే ఇంకొక సంగతి ఉన్నది, అది నా వాదానికి ముఖ్యం. తమ వ్యాపారంలో నిర్ణయం తీసుకునే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో వారిలోనే ఫలితం ఎక్కువగా కనిపించింది. చేతిలో ఏ అధికారమూ లేనివానికి మనసులో ఎంత ఉత్సాహం నింపినా అది ఎక్కడ ఖర్చు పెట్టాలి?

అందుకే కోచింగ్‌ను సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్ళతో నాకు పేచీ ఉన్నది. నాలుగు రోజుల తరగతికి పోయి బోర్డు కట్టేవారు నేడు తక్కువ మంది లేరు. గంటకు వేలు తీసుకొని, "నీ ఆలోచన మార్చుకో, అన్నీ మారుతాయి" అని చెప్పి పంపుతారు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల ఆసుపాసుకు వచ్చారు. అది ఏ ఒక్క కార్మికుని ఆలోచనలో లోపం వల్ల జరిగింది కాదు. యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి, విధానాలు మారాయి. బయ్యారం ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టంలో వ్రాసుకున్నాం. ఆ కాగితం పట్టుకొని ఎదురుచూసిన గార్ల, బయ్యారం పిల్లవానికి "నీలో ఆత్మవిశ్వాసం లేదు" అని చెప్పడం అన్యాయం. ఉద్యోగాలు పుట్టించే బాధ్యత ప్రభుత్వాలది, పరిశ్రమలది. దాని కోసం అడగవలసిన వారిని అడగవలసిందే, కొట్లాడవలసిందే. కోచింగ్ దానికి బదులు కాదు.

మరి ఎందుకు పనికి వస్తుందంటే, ఉన్న పనిలో నిలబడటానికి, మారవలసి వచ్చినప్పుడు ఏది వదలాలో, ఏది వదలకూడదో తేల్చుకోవడానికి. మా జనగామ పక్కన పెంబర్తి ఉన్నది గదా. ఇత్తడి రేకు మీద సుత్తితో బొమ్మ తీసే ఆ కళకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు గుళ్ళకు వాహనాలు, తొడుగులు చేసిన ఇండ్లలోనే ఇప్పుడు సన్మాన సభల షీల్డులు, గోడ బొమ్మలు చేస్తున్నారు. కొనేవాడు మారాడు, వస్తువు మారింది, సుత్తి దెబ్బ మాత్రం అదే. ఉద్యోగం మారదలచిన ప్రతి వాడూ తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇదే: నా షీల్డు ఏది, నా సుత్తి దెబ్బ ఏది? ఈ ప్రశ్న ఒంటరిగా వేసుకుంటే జవాబు దొరకదు. ఎదురుగా ఇంకొక మనిషి ఉండాలి.

ముఖ్యంగా మన ఆడపిల్లలకు. మా బ్యాచిలో ఫస్టు వచ్చిన అమ్మాయి పెళ్ళై మానుకోటకు పోయింది. పదకొండేండ్లు ఇంట్లో ఉండి, పిల్లలు పెద్దవాళ్ళైన తరువాత ఏదైనా చేద్దామనుకుంది. బి.ఎడ్. చెయ్యమని ఒకరు, కుట్టు మిషన్ పెట్టుకొమ్మని ఒకరు, ఈ వయసులో ఎందుకని ఒకరు, సలహాలకు కొదువ లేదు. ఒక పాత లెక్చరరు గారు మాత్రం, "చదివే రోజుల్లో నీకు ఏ పని చేస్తుంటే టైము తెలిసేది కాదమ్మా?" అని అడిగారట. ఆమె నేడు ఒక జూనియర్ కళాశాలలో ప్రయోగశాల చూసుకుంటూ, కెమిస్ట్రీ చెబుతున్నది. ఆ లెక్చరరు గారు ఆమెకు ఉద్యోగం ఇప్పించలేదు. ఆ ప్రశ్న ఒక్కటే ఇచ్చారు.

కనుక విద్యార్థి సంఘానికి, పూర్వ విద్యార్థులకు, అధ్యాపక మిత్రులకు నా ప్రతిపాదన ఇది. పూర్వ విద్యార్థులమని యేటా ఒకసారి వచ్చి, శాలువాలు కప్పుకొని, భోంచేసి పోతున్నాం. దానికి తోడు ఇంకొకటి చేద్దాం. ఎవరు ఏ వృత్తిలో, ఎన్నో మెట్టు మీద ఉన్నారో ఒక రిజిస్టరు వ్రాద్దాం. పెద్ద పదవుల వాళ్ళవే గాదు, నిన్నగాక మొన్న సెక్షను పెద్దలైన వాళ్ళవి, ఉద్యోగం పోగొట్టుకొని మళ్ళీ తెచ్చుకున్న వాళ్ళవి కూడా. మూడు నెలలకొక ఆదివారం జనగామలో ఒకసారి, మహబూబాబాద్‌లో ఒకసారి, భూపాలపల్లిలో ఒకసారి కూర్చుందాం. హనుమకొండ నుంచి ఏ ఊరైనా పొద్దున పోయి రాత్రికి రాగలిగిన దూరమే.

నియమాలు మూడే ఉండాలి. మొదటి అరగంట సలహా ఇవ్వరాదు, అడగడం, వినడం మాత్రమే. అక్కడ విన్నది అక్కడనే ఉండాలి, ఊళ్ళో చాయ్ హోటలు దాకా పోరాదు. సిఫారసులు, చేబదుళ్ళు అడగరాదు, ఇవ్వరాదు. ఈ మూడో నియమం కఠినంగా తోచవచ్చు గాని, అది లేకపోతే రెండో ఆదివారానికే పెద్ద పదవుల వాళ్ళు రావడం మానేస్తారు, మిగిలిన వాళ్ళు వాళ్ళ కోసమే వస్తారు. ఇందుకు ఫీజు వద్దు, బ్యానరు వద్దు. ఒక గది, చాయ్, నాలుగు కుర్చీలు చాలు.

చివరికి ఆ అబ్బాయి సంగతి. ఈ వ్యాసం వ్రాయడానికి కూర్చున్న రాత్రి, ఇంతకాలం చేయని పని ఒకటి చేశాను. వాళ్ళ బ్యాచి వాళ్ళను అడిగి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఇప్పుడతను ఇంకొక మందుల కంపెనీలో సెక్షను పెద్ద. కుశల ప్రశ్నలైన తరువాత, "ఆనాడు ఆ అంకెలు ఎట్లా తారుమారైనయి?" అని అడిగాను. అటు కొద్దిసేపు మాట లేదు. తరువాత చెప్పాడు. తూకం యంత్రానికి ఉండే ప్రింటరు అప్పటికి రెండు రోజులుగా సరిగా పనిచేయడం లేదట. రిపేరు వాళ్ళకు చెప్పాడట, ఎవరూ రాలేదట. అంకెలు చూసి చేత్తో వ్రాసుకుంటూ ఉంటే ఒకచోట రెండు అంకెలు తిరగబడ్డాయట. ఆ రోజు అదే చెప్పబోయాడట.

నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. అతను పోయిన రెండు నెలలకు ఇంకొక అమ్మాయి రిపోర్టులో సరిగ్గా అటువంటి తప్పే వచ్చింది. ఆమె మీద కూడా అరిచాను. ఒక్క మాట అడిగి ఉంటే యంత్రం బాగయ్యేది, ఆమెకు తిట్లు తప్పేవి, ఒక మంచి పనివాడు మా దగ్గర మిగిలేవాడు.

"తప్పు నాదే తమ్మీ" అన్నాను. "పోనీ తియ్యి అన్నా" అన్నాడు. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ సార్ అన్నవాడు మొదటిసారి అన్నా అన్నాడు. "నా దగ్గర ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నరు. ఎవరన్న తప్పు చేస్తే ముందుగాల ఎట్ల అయిందో అడుగుత. మీ దగ్గర నేర్చుకున్న అన్నా అది" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి ఎంతో, క్షమ ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

మహబూబాబాద్‌లో మొదటి ఆదివారం పెడితే తాను వస్తానన్నాడు. తేదీ నిర్ణయించవలసిన బాధ్యత ఇక విద్యార్థి సంఘం వారిది. నేను కుర్చీలు వేయడానికి ముందే వస్తానని మాట ఇస్తూ, సెలవు.